కొల్లేటి తూనీగ: ఒక చిత్తడి నేల చరిత్ర



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బస్తర్ ప్రాంతం ఉంది. అందులోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ దగ్గర, తర్రెం అనే చిన్న ఊరుంది. 2021 ఏప్రిల్‌లో అక్కడికి దగ్గరలో జరిగిన ఎదురుకాల్పుల వార్తల్లో మీలో కొందరు ఆ పేరు విని ఉంటారు. తుపాకుల సంగతి మన పాఠం కాదు. ఆ ఊరి మీద కురిసే వాన ఎక్కడికి పోతుందో చూద్దాం.

ఆ అడవుల నీళ్లు వాగులుగా తాలిపేరులో కలుస్తాయి. తాలిపేరు దక్షిణంగా పారి తెలంగాణలో అడుగుపెట్టి, చర్ల దగ్గర గోదావరిలో చేరుతుంది. గోదావరి భద్రాచలం దాటి, కూనవరం దగ్గర శబరిని కలుపుకొని, పాపికొండల నడుమగా ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ ఆనకట్ట పశ్చిమ కొసన, విజ్జేశ్వరం దగ్గర, కొంత నీరు పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లుతుంది. వరి చేలు తడిపాక మిగిలిన నీరు మురుగు కాలువల వెంట పల్లానికి దిగి కొల్లేరులో పడుతుంది. అంటే బస్తర్ అడవిలో పడిన చినుకు, దారిలో ఆవిరి కాకపోతే, ఏలూరు దక్షిణాన కలువ ఆకుల కిందికి చేరే వీలుంది.

ఆ కలువ ఆకుల కింద నివసించే ఒక జీవిని అడ్డం పెట్టుకొని ఈరోజు కొల్లేటి చరిత్ర చెప్పుకుందాం. ఆ జీవి తూనీగ.

రాజులూ యుద్ధాలూ ఉండవలసిన చరిత్ర పాఠంలో తూనీగకేం పని అని మీరు అడగవచ్చు. రాజులు కూడా వస్తారు, కాస్త ఆగండి. చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన వాళ్లు మీలో ఎందరో ఉంటారు. తూనీగలు నేలబారుగా ఎగిరితే వాన వస్తుందని పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. అయితే మనం చూసే ఆ రెక్కల రూపం దాని జీవితంలో చివరి ఘట్టం మాత్రమే. అంతకుముందు బతుకంతా నీళ్లలోనే గడుస్తుంది.

తల్లి తూనీగ గుడ్లు నీటిలో గానీ, నీటి మొక్కల కాడల్లో గానీ పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు రెక్కలుండవు. రంగు బురదను పోలి ఉంటుంది. పేగు చివరి భాగంలో ఉన్న మొప్పలతో ఊపిరి తీస్తుంది. ఆ నీటినే వెనక నుంచి జోరుగా చిమ్మి ముందుకు దూసుకుపోగలదు. కింది పెదవి మడత పెట్టిన చెయ్యిలా ఉంటుంది. దోమ పిల్ల దగ్గరికి రాగానే ఆ మడత విప్పి క్షణంలో పట్టేస్తుంది. ఇలా ఎన్నోసార్లు చర్మం విడిచి పెరిగి, చివరికి ఒక రాత్రివేళ జమ్ము కాడ మీదుగానో తుంగ కాడ మీదుగానో నీటి పైకి పాకుతుంది. అక్కడ వీపు చీలి తూనీగ బయటికి వస్తుంది. రెక్కలు ఆరేదాకా అది కదలలేదు. ఆ కొన్ని గంటలు దానికి పట్టుకోవడానికి ఒక కాడ కావాలి.

ఈ కాడ సంగతి గుర్తుపెట్టుకోండి. కొల్లేటి కథంతా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ జాతి చాలా పాతది. దాదాపు 30 కోట్ల ఏళ్ల క్రితం తూనీగల దగ్గరి చుట్టాలు కొన్ని మూరెడు దాటిన రెక్కలతో ఎగిరేవని శిలాజాలు చెబుతున్నాయి. డైనోసార్లు వచ్చాయి, పోయాయి. తూనీగలు నిలిచాయి. అలాంటి జాతికి నేడు ఏ కష్టం వచ్చిందని అడిగితే, సమాధానం కోసం దాని ఇంటి చరిత్ర చూడాలి.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు నేల. రెండు నదులూ ఒండ్రు తెచ్చి చెరో వైపు మెరక చేయగా మధ్యలో మిగిలిన పళ్లెం వంటి జాగా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీనిలోకి వస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దీని నీటిని 60 కిలోమీటర్లకు పైగా మోసుకుపోయి బంగాళాఖాతంలో కలుపుతుంది. రావడానికి దారులు ఎన్నో, పోవడానికి ఒకటే. అందుకే వానకాలంలో కొల్లేరు పొంగుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది.

ఈ సరస్సును అంకెల్లో చెప్పాలంటే అధికారులు 'కాంటూరు' అనే మాట వాడతారు. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచిందో తెలిపే గీత అది. నీరు 10 అడుగుల గీత దాకా వస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల గీత దాకా అయితే 308. 3 అడుగులకు దిగితే 135. కొద్ది అడుగుల తేడాతో సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది, తరుగుతుంది. కాబట్టి కొల్లేటి గట్టు ఎక్కడ అని అడిగితే ఒకే జవాబు ఉండదు. ఆషాఢంలో ఒకచోట, కార్తీకంలో ఒకచోట, వైశాఖంలో ఇంకోచోట. తూనీగలకు కావలసింది సరిగ్గా ఇలా కదిలే అంచే. లోతు తక్కువ, ఎండ తగిలి నీరు వెచ్చగా ఉంటుంది, కిక్కిస, జమ్ము, తుంగ, కలువ దట్టంగా పెరుగుతాయి, పెద్ద చేపలు అంత లోపలికి రాలేవు.

ఇప్పుడు రాజుల దగ్గరికి వద్దాం. కర్ణాటకలోని ఐహోళెలో రవికీర్తి అనే కవి రాసిన శాసనం ఉంది. కాలం క్రీ.శ. 634-35. చాళుక్య రాజు రెండవ పులకేశి విజయాలు అందులో ఉన్నాయి. పిష్టపురం, అంటే నేటి పిఠాపురం, పట్టుకున్నాక కునాల అనే నీటి దగ్గర యుద్ధం జరిగిందనీ, ఆ నీరు నెత్తురుతో ఎర్రబడిందనీ కవి వర్ణించాడు. ఆ కునాలమే కొల్లేరని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దండి 'దశకుమారచరిత'లో ఆంధ్రనగరం దగ్గర వర్ణించిన పెద్ద సరస్సు కూడా ఇదేనని చెబుతారు. సరస్సు నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడికి నేటికీ జనం వెళతారు. కోట అన్న పేరే అక్కడ ఒకప్పుడు రక్షణ కోసం తలదాచుకున్న వాళ్ల గురించి చెబుతుంది. చుట్టూ నీరూ బురదా ఉన్నచోట శత్రువు గుర్రాలు కదలలేవు కదా. ఆనాటి రాజులకు కొల్లేరు ఒక కందకం. దాన్ని ఎండగట్టాలన్న ఆలోచన వాళ్లకు వచ్చే అవసరం లేకపోయింది.

ఆ అవసరం తరువాతి కాలంలో వచ్చింది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి లేచింది. ఆర్థర్ కాటన్ దొరను గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చేతులెత్తి తలుచుకుంటారు, అందుకు తగిన కారణాలున్నాయి. కరవు నేల అన్నం పెట్టే నేల అయింది. అయితే ఆ కాలువల వల్ల కొల్లేటికి కూడా కొత్త జీవితం మొదలైంది. అంతవరకు వానతో పొంగి ఎండతో దిగే సరస్సుకు రెండు డెల్టాల మురుగు నీరు ఏడాదిలో చాలా నెలలు రాసాగింది. నీటి లయ మారింది. పాఠ్యపుస్తకాల్లో ఆనకట్టల గురించి రాసేటప్పుడు సాగు విస్తీర్ణం రాస్తారు, మురుగు ఎక్కడికి పోయిందో రాయరు. నా దృష్టిలో డెల్టా చరిత్రలో సగం ఆ మురుగు కాలువల్లోనే ఉంది.

సుమారు అదే కాలానికి ముందూ వెనకగా, మన దేశపు తూనీగలకు పుస్తకాల్లో పేర్లు పడ్డాయి. డెన్మార్కుకు చెందిన కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ భారతదేశం నుంచి వచ్చిన నమూనాలు చూసి 1793లో ఒక తూనీగకు 'కంటామినాటా' అనీ, 1798లో మరొకదానికి 'ఫ్లావెసెన్స్' అనీ పేరు పెట్టాడు. లాటిన్‌లో మొదటి మాటకు మలినపడినదని, రెండోదానికి పసుపు తిరిగేదని అర్థం. తరువాత ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరుగా పనిచేసిన ఎఫ్.సి. ఫ్రేజర్ 1933, 1934, 1936లలో మూడు సంపుటాలుగా మన తూనీగల వివరాలు అచ్చు వేయించాడు. నేటికీ ఈ విద్య నేర్చుకునేవాళ్లు ఆ పుస్తకాలు తెరవక తప్పదు.

ఆ రెండు పేర్ల తూనీగలూ మన కథలో పాత్రలే. ముందు పసుపుదాన్ని చూద్దాం. దాని పూర్తి పేరు పంటాలా ఫ్లావెసెన్స్. వానకాలం చివర మన మైదానాల మీద, వరి చేల మీద గుంపులుగా తిరిగేది ఇదే. మాల్దీవుల్లో నివసించే చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, నిలవ మంచినీరు దాదాపు లేని ఆ దీవులకు ఏటా అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కడినుంచి వస్తున్నాయని ఆశ్చర్యపోయాడు. ఏళ్ల తరబడి తేదీలు రాసుకొని 2009లో తన పరిశీలన ప్రచురించాడు. అవి భారతదేశం నుంచి గాలివాటున బయలుదేరి, మాల్దీవులు, సీషెల్స్ మీదుగా తూర్పు ఆఫ్రికా చేరుతాయనీ, వాటి సంతతి మళ్లీ నైరుతి గాలులతో ఇటు వస్తుందనీ ఆయన వాదం. మొత్తం చుట్టు 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. ఒకే తూనీగ ఈ ప్రయాణమంతా చేయదు, తరాలు మారుతూ చేస్తాయి. ఇది వాన గుంటలో కూడా గుడ్లు పెట్టి, నెలన్నర రెండు నెలల్లో పిల్లల్ని రెక్కలతో లేపగలదు. కాబట్టి దీనికి ప్రమాదం తక్కువ.

రెండోది, మలినమన్న పేరు మోసేది, బ్రాకిథెమిస్ కంటామినాటా. నారింజ రంగు రెక్కలతో నేలబారుగా ఎగురుతుంది. పేరు పెట్టినవాడి మనసులో ఏముందో గానీ, ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. మురికి గుంటల్లో, పట్టణాల మురుగు చెరువుల్లో మిగతా తూనీగలు తట్టుకోలేనిచోట ఇది హాయిగా బతుకుతుంది. ఒక చెరువు మీద ఇదొక్కటే గుంపులుగా కనబడుతూ ఉంటే ఆ నీటి ఆరోగ్యాన్ని అనుమానించాలి.

మూడో రకం ఒకే జాతి కాదు. సూదుల్లా సన్నగా ఉండి, వాలినప్పుడు రెక్కలు వీపు మీద ముడిచే చిన్న తూనీగల గుంపు. ఇవి తమ గుడ్లను నీటి మొక్కల కాడల లోపల గుచ్చి పెడతాయి. వాటికి కాడ పురిటిల్లు కూడా. ఎక్కువ దూరం ఎగరలేవు. ఉన్నచోటు పోతే పక్క జిల్లాకు వలస పోవడం చాలావాటికి సాధ్యం కాదు. ఇల్లు చెదిరినప్పుడు మొదట మాయమయ్యేవి ఇలాంటివే.

మరి ఇల్లు ఎలా చెదిరింది?

20వ శతాబ్దం నడిమి దాకా కొల్లేటి లంకల్లో వడ్డీలు మొదలైన కులాలవారు వలలతో, వెదురు బుట్టలతో చేపలు పట్టుకునేవారు. నీరు దిగినచోట వేసవి వరి వేసుకునేవారు. కొర్రమీను, జెల్ల, మట్టగిడస వాళ్ల కూరలు, వాళ్ల సంత సరుకు. సరస్సు లోపల 46 బెడ్ గ్రామాలు, అంచున 76 బెల్టు గ్రామాలు అని లెక్క చెబుతారు. వరదల్లో పంట పోవడం వీరికి మామూలు. పేదరికం నిజం. ఆ పేదరికం తీర్చడానికి 1976లో ప్రభుత్వం సహకార సంఘాలకు చేపల చెరువుల కోసం కొల్లేటి భూమిని ఇచ్చే ఉత్తర్వు తెచ్చింది. ఉద్దేశం మంచిదే. శీలావతి, బొచ్చె చేపలకు కలకత్తా సంతల దాకా గిరాకీ ఉందని తెలిశాక కథ వేరు దారి పట్టింది. పెట్టుబడి ఉన్నవాళ్లు లీజుల పేరుతో దిగారు. మట్టి తవ్వే యంత్రాలు వచ్చాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల్లో సరస్సు లోపలే వెయ్యికి పైగా చేపల చెరువులు లెక్కకు వచ్చాయి. ఎవరి పేరు మీద భూమి ఇచ్చారో ఆ లంకవాసుల్లో ఎందరో అదే చెరువు గట్టు మీద కూలీలయ్యారు.

చెరువైనా నీరే కదా, తూనీగకు నష్టమేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే, నిదానంగా చూద్దాం. చేపల చెరువుకు నిటారు గట్లు ఉంటాయి. నీటి మట్టం ఏడాదంతా ఒకేలా ఉంచుతారు. చేప తిరగడానికి అడ్డమని కలుపు, జమ్ము, తుంగ పీకేస్తారు. కాబట్టి లోతులేని అంచు లేదు, పిల్ల ఎక్కడానికి కాడ లేదు. చిక్కగా వదిలిన చేపల మధ్య తూనీగ పిల్లలు మిగలడం కష్టం. తవుడు, కోళ్ల పెంట, ఎరువులు నీటిలో పోయగా నాచు పెరిగి, రాత్రివేళ ప్రాణవాయువు తగ్గుతుంది. గట్టు బయట మిగిలిన అసలు సరస్సులోకి చేలనుంచి పురుగుమందులు, విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు వస్తాయి. గుర్రపు డెక్క నీటిని కప్పేసి కిందికి వెలుతురు పోనివ్వదు. మంచినీటి వరవడి తగ్గిన రోజుల్లో ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు వెనక్కి ఎక్కుతుంది. దోమల మందు అమ్మేవాళ్లకు తప్ప ఈ మార్పుల్లో ఎవరికీ లాభం కనబడదు. దోమ పిల్లల్ని ఉచితంగా తినే జీవి తగ్గిపోతోంది గనుక.

సరస్సు చట్టం దృష్టికి పక్షుల వల్ల వచ్చింది. ఆటపాక దగ్గర గూడబాతులను మీరు చూసే ఉంటారు. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చిత్తడి నేలల రక్షణకు 1971లో ఇరాన్‌లోని రాంసర్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశం అందులో 1982లో చేరింది. 2002 ఆగస్టులో కొల్లేరు ఆ జాబితాకు ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో అక్రమ చెరువుల గట్లు పెద్ద ఎత్తున తెగ్గొట్టారు. దీన్నే 'ఆపరేషన్ కొల్లేరు' అన్నారు. బతుకుతెరువు పోయినవారి గోడు కూడా ఆనాడు గట్టిగా వినబడింది. తరువాత అభయారణ్యాన్ని 5 నుంచి 3 అడుగులకు కుదించాలన్న కోరిక వచ్చింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో కుదింపు వద్దని చెప్పింది. ఈలోగా తెగిన గట్లు ఎన్నోచోట్ల మళ్లీ లేచాయి.

5 నుంచి 3కు అంటే రెండు అడుగులే కదా అనిపిస్తుంది. పైన చెప్పిన అంకెలు మళ్లీ చూడండి. 308 నుంచి 135. పోయే ఆ 173 చదరపు కిలోమీటర్లు ఏవి? ఏటా కొంతకాలం మునిగి కొంతకాలం తేలే నేల. గూడబాతు లోతు నీటిలో చేపను పట్టుకుంటుంది, చెట్టు మీద గూడు పెట్టుకుంటుంది, ఎలాగో సర్దుకుపోతుంది. తూనీగ పుట్టేది మాత్రం ఆ మునిగి తేలే అంచులోనే. పక్షి కోసం గీసిన గీత పురుగుకు చాలదు. కొల్లేటి వివాదంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఇదే, పత్రికల చర్చల్లో అతి తక్కువగా వచ్చేదీ ఇదే.

ఒక పురుగు కోసం దేశం నిలబడిన సందర్భం ఎక్కడైనా ఉందా? ఉంది. అమెరికాలో హైన్స్ ఎమరాల్డ్ అనే ఆకుపచ్చ కళ్ల తూనీగ ఉంది. 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఒహాయో రాష్ట్రంలో 1961 తరువాత కనబడలేదు, జాతే పోయిందనుకున్నారు. 1980ల చివర విస్కాన్సిన్‌లోనూ, షికాగో నగరానికి దగ్గరలో డెస్ ప్లెయిన్స్ నది లోయలోనూ మళ్లీ దొరికింది. సున్నపురాతి పొరల మీద ఊటనీరు పలచగా పారే చిత్తడి దానికి కావాలి. దాని పిల్ల నాలుగైదేళ్లు నీటిలోనే ఉంటుంది, నీరు ఎండినప్పుడు రొయ్యను పోలిన క్రేఫిష్ తవ్విన బొరియల్లో తలదాచుకుంటుంది. 1995 జనవరిలో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చట్టంలో చేర్చారు. 2007లో ఆ లోయ మీదుగా పెద్ద రహదారి వేసినప్పుడు తూనీగల ఆవాసం పైనుంచి ఎత్తుగా దాదాపు రెండు కిలోమీటర్ల వంతెన కట్టారు. ఎగిరే తూనీగలు వాహనాలకు తగిలి చావకూడదని కూడా ఆ ఎత్తు.

ఈ ఉదాహరణ చెప్పి అమెరికాను పొగడడం నా ఉద్దేశం కాదు. అక్కడి చిత్తడి నేలల్లో అధిక భాగాన్ని వాళ్లు ముందే పొలాలుగా, ఊళ్లుగా మార్చేసుకున్నాకే మిగిలిన ముక్కల మీద ఈ శ్రద్ధ వచ్చింది. పైగా ఆ చిత్తడిలో చేపలు పట్టి బతికే లక్షల జనం లేరు. కొల్లేటిలో ఉన్నారు. వాళ్లను వదిలి తూనీగను కాపాడే పథకం ఇక్కడ నిలవదు. అయితే ఒక తేడా గమనించండి. అక్కడ చట్టానికి ఆ పురుగు పేరు తెలుసు, దానికి ఏ రాయి మీద ఏ ఊటనీరు కావాలో తెలుసు. రహదారి ఇంజనీరు అది చదువుకొని వంతెన గీశాడు.

2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐ.యు.సి.ఎన్., ప్రపంచంలోని తూనీగలన్నిటి స్థితి మీద మొదటిసారి అంచనా వెలువరించింది. పరిశీలించిన 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో ఆ భాగం నాలుగో వంతుకు మించింది. 1970 నుంచి 2015 వరకు ప్రపంచం తన చిత్తడి నేలల్లో 35 శాతం పోగొట్టుకుంది, అది అడవులు తరిగిన వేగానికి మూడు రెట్లు.

2022లో జిల్లాలు మారాక కొల్లేరు ప్రధానంగా ఏలూరు జిల్లాలో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నీరంతా పోవలసింది కొల్లేటికే. వచ్చిన నీరు చెరువు గట్లకు తగిలి, ఉప్పుటేరు ఒక్కటే దారిగా, రోజుల తరబడి మెల్లగా దిగింది. లంక గ్రామాల దారులు మునిగాయి. కొన్నిచోట్ల ఎన్నో ఏళ్లుగా నీరు చూడని నేల మీద మోకాలి లోతు నీరు నిలిచింది. వాన వెలిసి ఎండ కాసిన రోజుల్లో ఇలాంటి పలచటి నీటి మీదే పసుపు తూనీగలు తిరుగుతాయి, తోక చివర ముంచి ముంచి గుడ్లు పెడతాయి. ఈశాన్యపు గాలి మొదలయ్యే అక్టోబరు నాటికి వాటి గుంపులు దక్షిణానికి, సముద్రం వైపుకు మళ్లుతాయి. కాడల్లో గుడ్లు పెట్టే సన్నని సూది తూనీగలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నీరు దిగేలోగా అక్కడ జమ్ము మొలకెత్తిందా లేదా అన్నదాని మీదే వాటి తరువాతి తరం ఆధారపడి ఉంటుంది.